జోయెల్‌ని ఎక్కడ ఆడించాలి?

కోచ్ చేసే పని ఏమిటని మా చర్చిలో కుర్రాళ్ళు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. పరుగెత్తించడం, ఈల ఊదడం, అరవడం అనుకుంటారు. అవి ఎవరైనా చేస్తారు. ఏ మనిషిని ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకోవడం, తేల్చుకున్న మాట అతని మొహం మీద చెప్పడం, ఇవే అసలు పని. మొదటిది కష్టం. రెండోదానికి చాలామంది కోచ్‌లు రిటైరయ్యేదాకా జంకుతూనే ఉంటారు.

ఈ మధ్య మన పిల్లలు కొందరు, అందులో ఆడపిల్లలు కూడా, ఆటలు నేర్పే ఉద్యోగాల్లోకి వస్తున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకొచ్చిన షీల్డులు, శాలువాలు ఇందులో ఉండవు. ఒక ఆటగాడి గురించి చాలాకాలం సాగిన వాదన ఒకటుంది. నాకు ఈ పని నేర్పింది అదే కాబట్టి ఎక్కువగా దాని గురించే చెబుతాను.

పాలకొల్లు నుంచి పిస్కాటవే

పాలకొల్లు దగ్గర మిషన్ స్కూల్లో నేను డ్రిల్ మాస్టారుని. కబడ్డీ ఆడేవాణ్ణి, ఆడించేవాణ్ణి. నా భార్య సువార్త నర్సు. ఆమె ఉద్యోగం మీదే మేము న్యూజెర్సీలోని పిస్కాటవే వచ్చాం. ఇక్కడ మొదట్లో ఒక పెద్ద దుకాణంలో అట్టపెట్టెలు మోశాను. తర్వాత ఏవో కోర్సులు చేసి, స్కూల్లో పీఈ టీచర్ దగ్గర సహాయకుడిగా చేరి, చివరికి పీఈ టీచర్నయ్యాను.

ఒక శనివారం పార్కులో కొంతమంది ఆడుతుంటే చూశాను. ఒకడు బంతి పట్టుకుని దూసుకొస్తున్నాడు, ఇద్దరు ముగ్గురు మీదపడి వాణ్ణి కింద పడేస్తున్నారు. కూతకొచ్చినవాణ్ణి పట్టేసినట్టే ఉంది. అది రగ్బీ లీగ్ అని తర్వాత తెలిసింది. జట్టుకి పదమూడుమంది. బంతి చేతిలో ఉన్న జట్టుని ఆరుసార్లు పడగొడితే బంతి అవతలి జట్టుకి వెళ్ళిపోతుంది. ఈ దేశంలో దాన్ని ఆడేవాళ్ళు తక్కువ, చూసేవాళ్ళు ఇంకా తక్కువ. మా చర్చిలో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా, "అంటే ఈ అమెరికా ఫుట్‌బాలే కదా మాస్టారూ, హెల్మెట్ లేకుండా?" అనేవాళ్ళు.

ఆ రోజు ఒక కుర్రవాడు తల ముందుకు పెట్టి పట్టుకోబోతున్నాడు. అలా పడితే మెడ విరుగుతుంది. ఆగలేక లోపలికి వెళ్ళి, తొడని ఎలా పట్టాలో, తల ఏ పక్కన ఉంచాలో చేసి చూపించాను. గట్టున నిలబడ్డ హెడ్ కోచ్ నన్ను ఎగాదిగా చూసి, వచ్చే శనివారం కూడా రమ్మన్నాడు. అలా వెళ్ళినవాణ్ణి మోకాళ్ళు సహకరించినంతకాలం వెళ్తూనే ఉన్నాను. వారమంతా స్కూలు, శనాదివారాలు క్లబ్బు.

టెర్రీ

ఆ హెడ్ కోచ్ పేరు టెర్రీ. ఇంగ్లండ్ ఉత్తరాన బొగ్గుగనుల ఊళ్ళో పుట్టి, ఈ ఆట ఆడుతూ పెరిగినవాడు. ఇక్కడ ఇళ్ళ పైకప్పులు వేసే పని. చర్చివాళ్ళు నన్ను మాస్టారూ అని పిలవడం విని, తనూ "మాస్టర్" అనేవాడు.

ఆయన నోరు మంచిది కాదు. మా కెప్టెన్‌ని ఒకసారి పక్కకి పిలిచి, "నీ కాళ్ళు మందగించాయి. ఇక మైదానం అంచున పరుగెత్తి ఆడలేవు. లోపలికొచ్చి ముందువరసలో ఆడు, లేదా మానేయి" అన్నాడు. ఆ కెప్టెన్ పెళ్ళి వారంలోకి వచ్చింది. ఇంత కఠినమా అని నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆ కెప్టెన్ ముందువరసలో చాలాకాలం ఆడాడు. ఒకరోజు నాతో, "అందరూ నా వెనక అనుకుంటున్న మాట ఆయన నాకు చెప్పాడు. అంతే కదా" అన్నాడు. నేను అప్పటికీ టెర్రీని పూర్తిగా ఒప్పుకోలేదు. మన పెంపకంలో పెద్దవాళ్ళు చేదుమాట చెప్పాల్సొస్తే మూడోమనిషి చేత చెప్పిస్తారు, లేదా చెప్పరు. నేనూ అలాంటివాణ్ణే.

అన్నదమ్ములు

రత్నకుమారి మా సువార్తతో కలిసి పనిచేసే నర్సు. కాకినాడ మనిషి, మా చర్చే. ఆమెకి ఇద్దరు కొడుకులు, ఇక్కడే పుట్టినవాళ్ళు. పెద్దవాడు జోయెల్, చిన్నవాడు నేథన్. జోయెల్ కాలేజీలో చేరిన ఏడాది ఆమె నా దగ్గరికొచ్చి, "అన్నయ్యగారూ, వీళ్ళిద్దర్నీ మీ ఆటకి తీసుకెళ్ళండి. పెద్దోడికి ఏదైనా వస్తుంది, వాడి గురించి దిగులు లేదు. చిన్నోడే స్కూల్నుంచొచ్చి తలుపేసుకుని కూర్చుంటున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు" అంది.

తీసుకెళ్ళాను. ఇద్దరికీ ఆట పట్టుబడింది. నేథన్ ఫుల్‌బ్యాక్ అయ్యాడు. ఒకటో నంబర్ జెర్సీ అతనిది. ఫుల్‌బ్యాక్ అంటే అందరికంటే వెనక, ఒక్కడే నిలబడేవాడు. అవతలివాళ్ళు పైకి తన్నిన బంతి పట్టాలి. పన్నెండుమందిని దాటి వచ్చినవాణ్ణి ఆఖరున ఆపాలి. ఆట మొత్తం అతనికే కనిపిస్తుంది గనక, ముందున్నవాళ్ళని ఎటు జరగాలో అరిచి చెబుతుండాలి. నేథన్‌కి వేగం ఉంది, భయం లేదు. బాగానే ఆడేవాడు. జట్టులో అతనికి స్నేహితులయ్యారు. చర్చిలో భోజనాల దగ్గర నవ్వడం చూశాను.

జోయెల్ సంగతే మాకు అంతుపట్టలేదు. అంచున పెడితే ఆడేవాడు, మధ్యన పెడితే ఆడేవాడు. ఎవరు రాకపోతే వాళ్ళ చోట ఆడేవాడు. ఎక్కడా తప్పు చేయడు, ఎక్కడా మెరవడు.

వాదన

ప్రాక్టీసయ్యాక టెర్రీ, నేను హైవే పక్కనున్న డైనర్‌కి వెళ్ళేవాళ్ళం. ఉప్పు సీసా, మిరియాల సీసా, కెచప్ బుడ్డీలు బల్లమీద జట్టుగా పేర్చి వాదించుకునేవాళ్ళం. ఎవరి గురించి మొదలుపెట్టినా చివరికి జోయెల్ దగ్గరే ఆగేది.

"వాడు పద్నాలుగో నంబర్, మాస్టర్," అనేవాడు టెర్రీ. అంటే బెంచీ మీద కూర్చుని, ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ళ చోటుకి వెళ్ళేవాడు. "అన్నీ వచ్చినవాడికి ఏదీ రాదు. వాడిలో ఆకలి లేదు."

నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. "వాడు డమ్మీ హాఫ్," అనేవాణ్ణి. పడిపోయినవాడి వెనక నిలబడి, బంతి తీసి మొదటి పాస్ ఇచ్చేవాడు డమ్మీ హాఫ్. ఆటలో అందరికంటే ఎక్కువసార్లు బంతి ముట్టుకునేది అతనే. "వాడి చేతులు చూడు. పాస్ ఇచ్చేముందు వాడి కళ్ళెక్కడుంటాయో చూడు. ఒక సీజన్ అక్కడే స్థిరంగా ఉంచు."

"కళ్ళు బాగానే ఉన్నాయి. నోరేది? డమ్మీ హాఫ్ జట్టుని నడపాలి. వీడు పెదవి విప్పడే."

అది నిజం. జోయెల్ మైదానంలో మాట్లాడేవాడు కాదు. నా బలవంతం మీద టెర్రీ ఒక సీజన్ అతన్ని డమ్మీ హాఫ్‌గా ఆడించాడు. పర్వాలేదనిపించాడు. టెర్రీ, "చూశావా, పర్వాలేదు!" అనేవాడు. నేనూ, "చూశావా, పర్వాలేదు" అనేవాణ్ణి. ఆ ఒక్క మాటకి ఇద్దరికీ రెండు అర్థాలు. అతని ఆట గురించి అన్నన్ని మాటలు మాట్లాడుకున్న మేమిద్దరం, నువ్వు ఎక్కడ ఆడాలనుకుంటున్నావని అతన్ని ఒక్కసారి అడగలేదు. కొత్తగా వచ్చేవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగండి. చాలా జట్లలో ఇదే జరుగుతుంది.

నేథన్ మోకాలు

ఒక వేసవి మ్యాచ్‌లో సగం ఆట కాకముందే నేథన్ మోకాలు మెలిపడింది. అతన్ని ఇద్దరు భుజాల మీద బయటికి తెచ్చారు. టెర్రీ చుట్టూ చూసి, "జోయెల్, వెనక్కి వెళ్ళు" అన్నాడు. ఇంకెవరూ లేరు మరి.

జోయెల్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. నిలబడిన మరుక్షణం గొంతెత్తాడు. "ఎడమకి! ఇంకా ఎడమకి! మైక్, నువ్వు ఆగు!" ఆ గొంతు మేము ఎప్పుడూ వినలేదు. ముందున్న పన్నెండుమందీ ఒక్క తాడు పట్టుకుని లాగినట్టు కదిలారు. అవతలివాడు బంతి తన్నేసరికి జోయెల్ ఆ బంతి పడబోయే చోట అప్పటికే ఉన్నాడు. పరుగెత్తి చేరలేదు, ముందే వెళ్ళి నిలబడ్డాడు. వాళ్ళు రెండోవైపు తన్నారు. అక్కడా ఉన్నాడు. చివర్లో ఒకడు అందర్నీ తప్పించుకుని ఒంటరిగా దూసుకొస్తే, జోయెల్ తొందరపడకుండా వాణ్ణి మైదానం పక్క గీత వైపు నడిపించి, నడిపించి, వెళ్ళడానికి చోటు లేకుండా చేసి పట్టేశాడు.

నేను ఎన్నో ఆటలు చూశాను. ఒక మనిషి తన చోట నిలబడితే ఎలా ఉంటుందో అంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు.

టెర్రీ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. తర్వాత, "మాస్టర్, మనమిద్దరం గుడ్డివాళ్ళం" అన్నాడు.

గెలిచాం. కుర్రాళ్ళంతా జోయెల్ మీద పడి కేకలేస్తున్నారు. అతను వాళ్ళని విడిపించుకుని బెంచీ దగ్గరికి వచ్చాడు. మోకాలిమీద ఐసు పెట్టుకున్న తమ్ముడి పక్కన కూర్చుని, తల దించుకున్నాడు. మ్యాచ్ ఓడించి వచ్చినవాడిలా ఉన్నాడు.

కార్‌లో

నేథన్‌ని వాళ్ళ నాన్న వచ్చి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. జోయెల్‌ని నేను ఇంటికి డ్రాప్ చేశాను. దారిలో అడిగాను.

"ఎక్కడ నేర్చుకున్నావురా అదంతా?"

"మా బ్యాక్‌యార్డ్‌లో అంకుల్. వీడియోస్ చూసి. నేనే నేథన్‌కి టీచ్ చేశాను."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

"ఆ నంబర్ వన్ జెర్సీ వచ్చిన రోజు నేథన్ డిన్నర్ దగ్గర మాట్లాడాడు అంకుల్. స్టోరీ అంతా చెప్పాడు. అమ్మ కిచెన్‌లోకి వెళ్ళి ఏడ్చింది. తర్వాత నాకు చెప్పింది, నీకు అన్నీ వచ్చు, వాడికి ఇది ఒక్కటి ఉండనీ అని. నేను ఓకే అన్నాను. వాడి మోకాలు మంచిగా అయిన తర్వాత నేను నా పాత పొజిషన్‌కి వెళ్ళిపోతాను. మీరు వాడికి చెప్పొద్దు, ప్లీజ్."

నాకు కళ్ళు చెమర్చాయి. ఎంత మంచి పిల్లవాడు అనుకున్నాను. ఇంటికెళ్ళి సువార్తకి చెబితే ఆమె కూడా అదే అంది. పెద్దవాడు తగ్గితే ఇల్లు నిలుస్తుందని వింటూ పెరిగినవాళ్ళం కదా.

మర్నాడు ఈ సంగతి టెర్రీకి చెప్పాను. ఆయన కరుగుతాడనుకున్నాను.

"వాడు తమ్ముడికి ఇచ్చింది జెర్సీ కాదు మాస్టర్, అబద్ధం," అన్నాడు. "ఆ చిన్నవాడు నేనే అందరికంటే మేలని నమ్మి బతుకుతున్నాడు. ఎన్నాళ్ళు? వాడికి నిజం తెలిసిన రోజు ఏం మిగులుతుంది?"

"అది వాళ్ళింటి విషయం టెర్రీ."

"ఇల్లు వాళ్ళది. జట్టు మనది. ఎవరు ఎక్కడ మేలో అక్కడ నిలబెడతామని మిగతా పదకొండుమందికి మాటిచ్చాం. వాళ్ళకేం చెబుతావు?"

మా ఇద్దరి వాదన మొత్తంలో నేను ఓడిపోయిన చోటు అదే. అప్పటికప్పుడు ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు.

రత్నకుమారి

నేథన్ కోలుకోవడానికి ఆ సీజన్ అంతా పట్టింది. ఫుల్‌బ్యాక్‌గా జోయెల్ ఆడిన ఆ నెలల్లో మా జట్టు మారిపోయింది. జాతీయ జట్టు ఎంపిక శిబిరానికి అతన్ని పిలుస్తామని కబురొచ్చింది. అతను వెళ్ళనన్నాడు.

కొత్త సీజన్ మొదలవబోతుండగా ఒక ఆదివారం, చర్చిలో ఆరాధనయ్యాక, భోజనాల హాల్లో రత్నకుమారి నా పక్కకొచ్చి నిలబడింది. చేతిలో పేపరు ప్లేటులో అన్నం అలాగే ఉంది.

"అన్నయ్యగారూ, చిన్నోడికి డాక్టరు ఆడొచ్చని చెప్పేశాడు. పెద్దోణ్ణి మళ్ళీ పాత చోటుకే పంపించెయ్యండి. వాడేం అనుకోడు."

"వాడు అనుకోడు. నువ్వేమనుకుంటున్నావమ్మా?"

"నేనా? నాకు ఆటలేం తెలుసు? ఆ గది తలుపు మళ్ళీ మూసుకోకుండా ఉంటే చాలు. ఆ రోజులు మీరు చూడలేదు."

సరేనమ్మా అనేస్తే సరిపోయేది. ఊళ్ళో డ్రిల్ మాస్టారుగా ఉండగానైతే అనేసేవాణ్ణే. కానీ టెర్రీ అడిగిన ఆ పదకొండుమందీ గుర్తొచ్చారు.

"కుదరదమ్మా," అన్నాను. "జోయెల్ ఒకటో నంబర్. నేథన్ అంచున ఆడతాడు. అక్కడా బాగా ఆడతాడు."

ఆమె నా మొహంలోకి చూసింది. "మీరు మా మనిషనుకున్నాను," అని ప్లేటు అక్కడే బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

నేథన్ అడిగిన ప్రశ్న

మొదటి ప్రాక్టీసు రోజు టెర్రీ జట్టు పేర్లు చదివాడు. ఒకటో నంబర్ దగ్గర జోయెల్ పేరు విని నేథన్ నవ్వాడు, ఏదో పొరపాటనుకుని. తర్వాత అంచున తన పేరు వినిపించింది. అతను వాళ్ళన్నయ్య వైపు చూశాడు. జోయెల్ నేల చూస్తున్నాడు.

ప్రాక్టీసయ్యాక నేథన్ పార్కింగ్ లాట్‌లో నా కారుకి అడ్డంగా నిలబడ్డాడు.

"అంకుల్, నిజం చెప్పండి. ఎవరు బెటర్?"

"మీ అన్న."

"నా మోకాలు వల్లా?"

"కాదు."

"ఎప్పటినుంచి?"

చెప్పకుండా ఉండగలిగితే బాగుండుననిపించింది. టెర్రీ దూరంగా తన ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. కావాలంటే ఆయన్నడుగు అని తప్పించుకోవచ్చు.

"మొదటినుంచీ, నాన్నా," అన్నాను.

అతని మొహంలో ముందు కోపం లేదు. ఏవో పాత రోజులన్నీ ఒక్కొక్కటిగా తిరగేసుకుంటున్నట్టు నిలబడ్డాడు. తర్వాత, "సో అందరికీ తెలుసు," అన్నాడు. బ్యాగు భుజాన వేసుకుని, అన్నయ్య కారు ఎక్కకుండా, రోడ్డు వెంట నడిచి వెళ్ళిపోయాడు.

మళ్ళీ మా క్లబ్బుకి రాలేదు. వాళ్ళింట్లో ఆ తలుపు నిజంగానే మూసుకుంది. రత్నకుమారి చర్చిలో మాకు దూరంగా కూర్చునేది. సువార్తతో డ్యూటీలో కూడా అవసరమైన మాటలే. జోయెల్ ఆడేవాడు, కానీ నాకు హలో తప్ప ఏమీ చెప్పేవాడు కాదు. నేను చేసింది సరైనదని ఆ రోజుల్లో నాకు నమ్మకం లేదు. ప్రార్థనలో కూర్చుంటే మాట వచ్చేది కాదు. టెర్రీతో ఒకసారి, "నీ నిజం ఒక ఇంటిని పాడుచేసింది" అన్నాను కూడా. ఆయన వాదించలేదు. "కావచ్చు," అన్నాడు.

కొత్తవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. నిజం చెబితే వెంటనే మంచి జరుగుతుందని మీకెవరైనా చెబితే నమ్మకండి. చాలాకాలం ఏమీ జరగదు. ఆ కాలమంతా మీరు చెప్పిన మాట పక్కనే మీరూ నిలబడి ఉండాలి.

మళ్ళీ పిలుపొస్తే ఎంపిక శిబిరానికి జోయెల్ ఆ ఏడాది వెళ్ళాడు. ఎంపిక కాలేదు. అతనికంటే మేలైన ఫుల్‌బ్యాక్ ఒకడు అక్కడున్నాడు. తిరిగొచ్చి నాతో మొదటిసారిగా నాలుగు మాటలు మాట్లాడాడు. "వాడు చాలా గుడ్ అంకుల్. వాడిని చూస్తుంటే నాకు ఇంకా నేర్చుకోవాలనిపించింది." టెర్రీ ఆ రోజు డైనర్‌లో ఉప్పు సీసా తిప్పుతూ, "ఆకలి లేదన్నాను కదా, అదీ తప్పే" అన్నాడు.

పెన్సిల్వేనియా జట్టు

తర్వాతి వేసవిలో పెన్సిల్వేనియా నుంచి ఒక జట్టు మాతో ఆడటానికి వచ్చింది. బస్సులోంచి దిగిన వాళ్ళలో నేథన్ ఉన్నాడు. ఒంటిమీద ఒకటో నంబర్ జెర్సీ. శనివారం శనివారం రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళి ఆడుతున్నాడట. ఇంట్లో చెప్పలేదు. జోయెల్‌కి కూడా అక్కడే తెలిసింది. అతను వెంటనే వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు.

సగం ఆట అయ్యేసరికి రత్నకుమారి నైట్ డ్యూటీ దిగిన యూనిఫాంలోనే వచ్చి, గట్టుమీద నాకు కొంచెం ఎడంగా నిలబడింది. ఈ ఆట చూడటానికి ఆమె రావడం అదే మొదటిసారి.

నేథన్ మారాడు. అరుస్తున్నాడు, జట్టుని నడుపుతున్నాడు. వేగం మాత్రమే నమ్ముకున్న పాత కుర్రవాడు కాదు. ఆట చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అప్పుడు జోయెల్‌కి మధ్యలో బంతి అందింది. ఇద్దర్ని తప్పించాడు. ఎదురుగా ఇక నేథన్ ఒక్కడే.

జోయెల్ పక్కన మావాడొకడు ఖాళీగా పరుగెత్తుతున్నాడు. బంతి అతనికిచ్చేస్తే తమ్ముణ్ణి తాకనవసరం లేదు. అతని కళ్ళు ఒక్క క్షణం అటు వెళ్ళడం నేను చూశాను.

నేథన్ కూడా చూశాడు. "డోంట్ యూ డేర్!" అని అరిచాడు. తర్వాత తెలుగులో, వాళ్ళింట్లో మాట్లాడుకునే తెలుగులో, "రా అన్నా, నువ్వే రా!"

జోయెల్ వెళ్ళాడు. కుడికి ఒక అడుగు వేసి, ఎడమకి విరిగాడు. నేథన్ చెయ్యి అతని నడుముని తాకి జారిపోయింది. జోయెల్ చివరి గీత దాటి బంతిని నేలకి ఆనించి పాయింట్లు తెచ్చాడు. మేము గెలిచాం.

నేథన్ పచ్చికలో బోర్లా పడి అలాగే ఉండిపోయాడు. రత్నకుమారి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకి తెలియదనుకుంటాను.

అతను లేచి నేరుగా మా దగ్గరికి వచ్చాడు. గడ్డానికి మట్టి అంటి ఉంది. వాళ్ళమ్మని చూసి ఆగి, నా వైపు తిరిగాడు.

"అంకుల్, చూశారా? వాడు నన్ను నిజంగా బీట్ చేశాడు."

"చూశాను నాన్నా."

"ఫస్ట్ టైం," అన్నాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. "ఇన్ని ఇయర్స్‌లో ఫస్ట్ టైం వాడు నాతో ఆడాడు."

జోయెల్ కొంచెం దూరంలో ఆగిపోయి, రావాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు. నేథన్ వెనక్కి తిరిగి అతన్ని చూసి, "ఆ స్టెప్ నాకు టీచ్ చేయలేదు నువ్వు!" అని అరిచాడు.

"నువ్వు అడగలేదు!"

"ఇప్పుడు అడుగుతున్నా."

జట్లు రెండూ సామాన్లు సర్దుకుంటున్నాయి. పెన్సిల్వేనియా బస్సు డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఖాళీ మైదానం మధ్యకి వెళ్ళారు. జోయెల్ కుడికి ఒక అడుగు వేసి, ఆగి, తమ్ముడికి తన పాదం చూపించాడు. మళ్ళీ వేశాడు.